రెండు ఊళ్ల మధ్య దూరం లెక్కగట్టే పద్ధతి: రాజమహేంద్రవరం నుంచి తిరుపతికి గాలిలో ఎంత, రోడ్డు మీద ఎంత

రాజమహేంద్రవరం నుంచి తిరుపతి ఎంత దూరమని ఎవరైనా అడిగితే 453 కిలోమీటర్లు అనవచ్చు, 457 అనవచ్చు, 535 అనవచ్చు, 570 అనవచ్చు, 778 అని కూడా అనవచ్చు. ఈ అయిదింటిలో ఏదీ తప్పు కాదు. మొదటిది ఊరి నుంచి ఊరికి గాలిలో సరళరేఖ మీద కొలిచినది, రెండవది మధురపూడి విమానాశ్రయం నుంచి రేణిగుంట విమానాశ్రయానికి కొలిచినది, మూడవది రైలు పట్టాల వెంట, నాలుగవది జాతీయ రహదారి వెంట వచ్చేవి, చివరిది హైదరాబాదులో విమానం మారి వెళ్లేవారు గాలిలో దాటే దూరం. కాబట్టి దూరం వెతకడానికి ముందు, ఆ అంకెతో మనకున్న పని ఏమిటో తేల్చుకోవాలి. పెళ్లివారికి బస్సు మాట్లాడేవారికి గాలి దూరంతో నిమిత్తం లేదు. రెండు ఊళ్ల మధ్య కొత్త రోడ్డో వంతెనో వస్తే ఎంత కలిసివస్తుందో అంచనా కట్టేవారికి గాలి దూరం లేనిదే లెక్క మొదలుకాదు.

ఫోనులోని మ్యాపు క్షణంలో చెప్పే అంకె కోసం కాగితం, పెన్ను పట్టుకోవడం ఎందుకని అనిపించడం సహజమే. అయితే మ్యాపు చూపిన అంకె అదే పేరున్న వేరే ఊరిదైనా, ఏదో కారణంతో ఎంచుకున్న చుట్టుదారిదైనా ఆ సంగతి మ్యాపు మనకు చెప్పదు. మన దగ్గర సొంత అంచనా ఒకటి ఉంటేనే ఆ తేడా కంటికి ఆనుతుంది. ఆ అంచనా కట్టడానికి పదవ తరగతి గణితం చాలు.

ఊరంటే ఏ చోటు

దూరమంటే రెండు బిందువుల మధ్య ఉండేది. ఊరేమో బిందువు కాదు. రాజమహేంద్రవరం గోదావరి గట్టు నుంచి దివాన్‌చెరువు దాకా పరచుకుని ఉంది, తిరుపతి అలిపిరి నుంచి రేణిగుంట వైపుకు పెరుగుతూ పోతోంది. రెండు చివర్లలోనూ ఏ చోటును పట్టుకున్నామన్న దాన్ని బట్టి మొత్తం పది పదిహేను కిలోమీటర్లు అటూఇటూ అవుతుంది. అయిదు వందల కిలోమీటర్ల ప్రయాణంలో ఇది పెద్ద తేడా కాదు కానీ, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ల విషయంలో లెక్కనే తలకిందులు చేస్తుంది. అందువల్ల రైల్వే స్టేషనో, బస్సు కాంప్లెక్సో, ఏదో ఒక స్థిరమైన చోటును ఎంచుకుని, రెండు ఊళ్లలోనూ అదే రకం చోటును తీసుకోవడం మంచిది. ఒక వైపు రైల్వే స్టేషను, మరో వైపు విమానాశ్రయం తీసుకుంటే వచ్చే అంకె ఎవరికీ పనికిరాదు.

చోటు నిర్ణయమయ్యాక దాని అక్షాంశం, రేఖాంశం కావాలి. ఫోనులో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఆ చోటు మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే గుర్తు పడుతుంది, దాని వివరాలలో దశాంశాలతో కూడిన రెండు అంకెలు కనిపిస్తాయి. కంప్యూటరులో అయితే మౌసు కుడి బటను నొక్కితే చాలు. మొదట వచ్చేది అక్షాంశం, రెండవది రేఖాంశం. మన రెండు తెలుగు రాష్ట్రాలలో అక్షాంశం 12కూ 20కీ మధ్య, రేఖాంశం 76కూ 85కూ మధ్య ఉంటుంది కనుక ఏది ఏదో పొరబడే అవకాశం తక్కువ. అయినా కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ రెండింటినీ తారుమారుగా అడుగుతాయని గుర్తుంచుకోవాలి. రాజమహేంద్రవరానికి 17.00, 81.80 అనీ, తిరుపతికి 13.63, 79.42 అనీ తీసుకుందాం. రెండు దశాంశ స్థానాలంటే దాదాపు కిలోమీటరు వరకు కచ్చితత్వం. ఊళ్ల మధ్య దూరానికి అంతకు మించి అక్కరలేదు.

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది. విమానాశ్రయాల వివరాలలో అక్షాంశాలను డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇస్తారు. మధురపూడి విమానాశ్రయం అక్షాంశం 17 డిగ్రీల 6 నిమిషాల 37 సెకన్లు. దీన్ని 17.0637 అని రాసుకుంటే తప్పు, ఎందుకంటే డిగ్రీకి అరవై నిమిషాలు, నిమిషానికి అరవై సెకన్లు. 37ను 60తో భాగిస్తే 0.62, దానికి 6 కలిపితే 6.62 నిమిషాలు, దాన్ని మళ్లీ 60తో భాగిస్తే 0.11, అంటే సరైన అంకె 17.11. ఈ ఒక్క పొరపాటుతో విమానాశ్రయం అయిదు కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది.

ఊరి పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన దారిలోనే ఉన్న గూడూరు పేరుతో కర్నూలు జిల్లాలో ఒకటి, మచిలీపట్నం దగ్గర ఒకటి, మహబూబాబాద్ జిల్లాలో ఒకటి ఉన్నాయి. గోదావరి ఒడ్డున నరసాపురం ఉంటే మెదక్ జిల్లాలో నర్సాపూర్ ఉంది. ఇంగ్లీషు అక్షరాలలో కొట్టినప్పుడు ఈ రెండింటికీ తేడా మిగలదు. పేరుతో పాటు జిల్లా పేరు కూడా ఇచ్చి వెతకడం ఒక్కటే దీనికి మందు.

గాలి దూరం కట్టడం

భూమి మీద ఎక్కడైనా ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ నడిస్తే సుమారు 111 కిలోమీటర్లు వస్తుంది. తూర్పు పడమరలుగా అలా కాదు. రేఖాంశ రేఖలు ధ్రువాల వైపు పోయే కొద్దీ దగ్గరవుతాయి కనుక, భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లున్న డిగ్రీ, ఉత్తరానికి వచ్చే కొద్దీ ఆ చోటి అక్షాంశపు కొసైన్ విలువ ప్రకారం తగ్గుతూ పోతుంది. మన ప్రాంతానికి కావలసిన కొసైన్ విలువలు నాలుగైదు గుర్తుంటే చాలు: 13 డిగ్రీల దగ్గర 0.974, 15 దగ్గర 0.966, 17 దగ్గర 0.956, 19 దగ్గర 0.946. స్థూలంగా చెప్పాలంటే చిత్తూరు వైపు రేఖాంశపు డిగ్రీ 108 కిలోమీటర్లయితే ఆదిలాబాదు వైపు 105 మాత్రమే.

ఇప్పుడు మన జతను తీసుకుంటే, అక్షాంశాల తేడా 17.00 నుంచి 13.63 తీసివేయగా 3.37. దాన్ని 111తో గుణిస్తే 374 కిలోమీటర్లు; ఇది ఉత్తరం నుంచి దక్షిణానికి. రేఖాంశాల తేడా 81.80 నుంచి 79.42 తీసివేయగా 2.38. రెండు ఊళ్ల అక్షాంశాల సగటు 15.3 డిగ్రీలు, దాని కొసైన్ 0.9645. 2.38ని 111తోనూ 0.9645తోనూ గుణిస్తే 255 కిలోమీటర్లు. ఇది తూర్పు నుంచి పడమరకు. ఒకటి నిలువు, మరొకటి అడ్డం కాబట్టి ఊరి నుంచి ఊరికి ఉన్న సరళరేఖ లంబకోణ త్రిభుజపు కర్ణం అవుతుంది. రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 453 కిలోమీటర్లు.

భూమి గుండ్రంగా ఉండగా బల్లపరుపు త్రిభుజం గీయడం ఏమిటని సందేహం రావాలి, వస్తే మంచిదే. గోళం మీద లెక్కించే అసలు సూత్రం ఇది: రెండు అక్షాంశాల సైన్ విలువలను ఒకదానితో ఒకటి గుణించి పక్కన పెట్టుకోవాలి, రెండు అక్షాంశాల కొసైన్ విలువలనూ, రేఖాంశాల తేడా కొసైన్ విలువనూ గుణించి మొదటి దానికి కలపాలి, వచ్చిన మొత్తం ఏ కోణానికి కొసైనో ఆ కోణమే భూమి కేంద్రం దగ్గర రెండు ఊళ్ల మధ్య ఉన్న కోణం. మన జతకు మొత్తం 0.99747, కోణం 4.08 డిగ్రీలు. డిగ్రీకి అరవై నాటికల్ మైళ్ల చొప్పున ఇది 245 నాటికల్ మైళ్లు, నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్ల చొప్పున మళ్లీ 453 కిలోమీటర్లే. అయిదారు వందల కిలోమీటర్ల లోపు బల్లపరుపు లెక్క, గోళం లెక్క కిలోమీటరు రెండు కిలోమీటర్ల తేడాతో సరిపోతాయి. హైదరాబాదు నుంచి అమెరికాకు లెక్కగట్టేటప్పుడు మాత్రం బల్లపరుపు లెక్క వదిలిపెట్టాల్సిందే.

పక్కపక్క ఊళ్లకు ఈ కొసైన్ సూత్రం వాడేవారు ఒక విషయం గమనించాలి. కోణం చిన్నదైనప్పుడు కొసైన్ విలువ 0.9999 దాటి ఒకటికి అతుక్కుపోతుంది, క్యాలిక్యులేటరు చివరి స్థానాలు కోసేసిందంటే దూరం పూర్తిగా తప్పుతుంది. కంప్యూటరు ప్రోగ్రాములలో ఎక్కువగా హావర్‌సైన్ అనే మరో రూపాన్ని వాడడానికి కారణం ఇదే. చేత్తో చేసేవారికి పైన చెప్పిన త్రిభుజం పద్ధతే నయం.

వెబ్‌సైట్లలో దొరికే గాలి దూరాలతో పోల్చేటప్పుడు కొలమానం చూసుకోవాలి. విమానయానంలో నాటికల్ మైళ్లు వాడతారు, కొన్ని విదేశీ సైట్లు 1.609 కిలోమీటర్ల మామూలు మైళ్లు ఇస్తాయి. ఈ జతకే 245 అనీ, 282 అనీ, 453 అనీ మూడు అంకెలు కనిపిస్తే మూడూ ఒకటే దూరం.

విమానం ఎగిరే దూరం

టిక్కెట్టు కొనేవారికి ఊరి నుంచి ఊరికి కాక విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి దూరం కావాలి. మధురపూడి 17.11, 81.82; రేణిగుంట 13.63, 79.54. పై పద్ధతిలోనే కడితే 457 కిలోమీటర్లు, అంటే 247 నాటికల్ మైళ్లు. మధురపూడి ఊరికి ఉత్తరాన ఉంది, మనం వెళ్లాల్సింది దక్షిణానికి. ఊరిలో బయలుదేరినవారు ముందు వెనక్కి పోయి విమానం ఎక్కి, అదే ఊరి పక్క నుంచి దక్షిణానికి వస్తారన్నమాట.

విమానం ఎత్తున ఎగురుతుంది కాబట్టి దూరం పెరుగుతుందేమోనని కొందరు అడుగుతుంటారు. పది కిలోమీటర్ల ఎత్తంటే భూమి వ్యాసార్ధమైన 6371 కిలోమీటర్లలో ఎంత? 453 కిలోమీటర్లకు ఒక్క కిలోమీటరు కూడా పెరగదు. దూరం పెరిగేది వేరే కారణాలతో. గాలివాటును బట్టి రన్‌వే ఏ చివర నుంచి ఎగరాలో నిర్ణయమవుతుంది, ఎగిరాక చుట్టు తిరగాలి, నిర్ణీత వాయుమార్గాలు పట్టుకోవాలి, దిగేటప్పుడు వరుసలో నిలవాలి. తూర్పు తీరం మీద మరో సంగతి కూడా ఉంది: శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగం ఉన్న రోజున చుట్టుపక్కల సముద్రం మీది గగనతలాన్ని కొంతసేపు మూసివేస్తారు, విమానాలు పక్కకు జరిగి పోవాల్సిందే. అందువల్ల లెక్కగట్టిన దూరానికి అయిదు నుంచి పది శాతం కలుపుకోవడం సబబు.

ప్రాంతీయ మార్గాలలో తిరిగే, రెక్కలకు పంకాలుండే చిన్న విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 457 కిలోమీటర్లకు గాలిలో యాభై అయిదు నిమిషాలు, ఎగరడానికి, దిగడానికి, నేల మీద నడవడానికి మరో ఇరవై, పాతిక నిమిషాలు కలిపితే గంటా ఇరవై నిమిషాలు. టైంటేబులులో ఇంతకు బాగా ఎక్కువ సమయం కనిపిస్తే ఆ సర్వీసు మధ్యలో ఎక్కడో ఆగుతోందని అర్థం.

ఈ రెండు ఊళ్ల మధ్య నేరు సర్వీసు సీజనును బట్టి వస్తూ పోతూ ఉంటుంది కనుక, ప్రయాణం తేదీకి ఉందో లేదో చూసుకునే ముందు ప్రణాళిక వేసుకోవద్దు. అది లేకపోతే హైదరాబాదులో మారాలి. శంషాబాదు విమానాశ్రయం 17.24, 78.43. మధురపూడి నుంచి శంషాబాదుకు 360 కిలోమీటర్లు, అక్కడి నుంచి రేణిగుంటకు 418, మొత్తం 778. నేరుగా పోయే దూరం కంటే 321 కిలోమీటర్లు అదనం. గాలిలో ఈ అదనానికి పట్టే సమయం అరగంటకు కాస్త ఎక్కువే కానీ, అసలు నష్టం దూరంలో లేదు; శంషాబాదులో రెండవ విమానం కోసం వేచి ఉండే రెండు మూడు గంటల్లో ఉంది. కనెక్షన్ విమానాల విషయంలో కిలోమీటర్లు కాదు, మధ్యలో కూర్చునే గంటలను లెక్కపెట్టాలి.

రోడ్డు దూరం

మ్యాపు చెప్పే మొత్తం అంకెను అలాగే నమ్మకుండా దారిని ముక్కలుగా విడగొట్టి చూడడం మంచి అలవాటు. రాజమహేంద్రవరం నుంచి విజయవాడకు దాదాపు 155 కిలోమీటర్లు, విజయవాడ నుంచి నెల్లూరుకు దాదాపు 280, నెల్లూరు నుంచి నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి దాదాపు 135, మొత్తం 570.

మొదటి ముక్కలోనే రెండు దారులున్నాయి. పాత అలవాటు ప్రకారం వేమగిరి, రావులపాలెం, సిద్ధాంతం వంతెన, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరవచ్చు. లేదా దివాన్‌చెరువు నుంచి జనం గామన్ వంతెన అని పిలిచే నాలుగో వంతెన మీదుగా గోదావరి దాటి, కొవ్వూరు, దేవరపల్లి, నల్లజర్ల మీదుగా గుండుగొలను దగ్గర ఏలూరు రోడ్డెక్కవచ్చు, ఇది దగ్గరదారి. మ్యాపులో రెండు దారులూ కనిపించినప్పుడు ఏది ఎంచుకున్నారో రాసి పెట్టుకోకపోతే రేపు ఇంకొకరు చెప్పిన అంకెతో మీ అంకె కలవదు. విజయవాడ దగ్గరా ఇలాగే నగరం గుండా పోతారా, చినఅవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ దగ్గర కలిసే పశ్చిమ బైపాసు పడతారా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది; బయలుదేరే రోజుకు ఏ భాగం తెరిచి ఉందో చూసుకోవాలి.

దారి సరిగానే పడుతోందని తేల్చుకోవడానికి టోల్‌గేట్ల పేర్లు బాగా పనికొస్తాయి. కలపర్రు, పొట్టిపాడు, కాజ, బొల్లాపల్లి, టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం, బూదనం వరుసగా వస్తుంటే మీరు కోల్‌కతా చెన్నై రహదారి మీద ఉన్నట్టే. ఫాస్టాగ్ ఖాతాలో మిగిలిన సందేశాలలో ఈ పేర్లూ వేళలూ ఉంటాయి కాబట్టి, ప్రయాణం అయ్యాక రెండు గేట్ల మధ్య పట్టిన సమయం చూసి మీ నిజమైన సగటు వేగం ఎంతో కట్టుకోవచ్చు. కారు మీటరు కొలతను మాత్రం తుది మాటగా తీసుకోకూడదు. టైర్ల అరుగుదల, గాలి ఒత్తిడి, తయారీలో వచ్చే స్వల్ప తేడాల వల్ల అది రెండు మూడు శాతం ఎక్కువ తక్కువ చూపించడం మామూలే.

రైలు దూరం 535 కిలోమీటర్లు, రోడ్డు కంటే తక్కువ. ఎందుకంటే విజయవాడ దాటాక రహదారి గుంటూరు, చిలకలూరిపేటల వైపు లోపలికి తిరిగి ఒంగోలుకు వస్తే, రైలు మార్గం తెనాలి, బాపట్ల, చీరాలల మీదుగా తీరానికి దగ్గరగా దిగుతుంది. గూడూరు దగ్గర చెన్నై లైను విడిచి వెంకటగిరి, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంటకు మళ్లుతుంది.

రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే

నా దృష్టిలో ఈ లెక్కంతటిలో అసలు పనికొచ్చే అంకె రోడ్డు దూరాన్ని గాలి దూరంతో భాగించగా వచ్చేది. మన జతకు 570ని 453తో భాగిస్తే 1.26. మైదాన ప్రాంతంలో మంచి రహదారి ఉన్న ఊళ్ల మధ్య ఈ నిష్పత్తి సాధారణంగా 1.2 దగ్గర ఉంటుంది. హైదరాబాదు, కర్నూలు మధ్య గాలి దూరం 178, రోడ్డు 215కు కాస్త అటూఇటూ, అంటే 1.2. ఒక జతకు 1.4 దాటిందంటే మధ్యలో నదో, కొండో, అడవో ఉండి ఉండాలి, లేదా మ్యాపు చుట్టుదారి చూపిస్తూ ఉండాలి. ఒకటి కంటే తక్కువ వచ్చిందంటే ఎక్కడో అంకె తప్పు రాసుకున్నట్టే, ఎందుకంటే గాలి దూరం కంటే రోడ్డు తక్కువ కావడం జరగని పని.

1.26 ఎందుకు వచ్చిందో మ్యాపు మీద దారం లాగి చూస్తే తెలుస్తుంది. రాజమహేంద్రవరం నుంచి తిరుపతికి గీసిన సరళరేఖ మచిలీపట్నం పక్కగా పోయి, కృష్ణ సముద్రంలో కలిసే చోట నేల విడిచి, చీరాల, ఒంగోలు తీరాలకు తూర్పుగా బంగాళాఖాతం మీద సాగి, నెల్లూరుకు ఉత్తరాన ఎక్కడో మళ్లీ నేల మీదికి వస్తుంది. తీరం అక్కడ లోపలికి వంగింది. రోడ్డు ఆ వంపు చుట్టూ తిరగక తప్పదు. ఇప్పుడు ముక్కల వారీగా గాలి దూరం కడదాం: రాజమహేంద్రవరం నుంచి విజయవాడకు 136, విజయవాడ నుంచి నెల్లూరుకు 239, నెల్లూరు నుంచి తిరుపతికి 110, మొత్తం 485. అంటే రోడ్డుకూ గాలికీ ఉన్న 117 కిలోమీటర్ల తేడాలో 32 మాత్రమే విజయవాడ, నెల్లూరుల వైపు తిరగడం వల్ల వచ్చినవి. మిగిలిన 85 ఆ ఊళ్ల మధ్య రహదారి తీసుకునే వంకరల వల్ల వచ్చినవి.

తీరం వెంబడి మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలు దాకా పోయే 216వ నంబరు జాతీయ రహదారి పైన చెప్పిన సరళరేఖకు దగ్గరగా ఉంటుంది. పులిగడ్డ, పెనుమూడి మధ్య కృష్ణ మీద వంతెన ఉంది కాబట్టి విజయవాడ ముట్టుకోకుండానే నది దాటవచ్చు. అయినా రాజమహేంద్రవరం నుంచి ముందు భీమవరం వైపు దిగి ఆ రోడ్డు అందుకోవాలి, దారి పొడవునా ఊళ్లు, కాలవలు. కిలోమీటర్లు పెద్దగా కలిసిరావు, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది. తొందర లేనివారికే ఆ దారి.

నది ఒక్కటి అడ్డుపడితే నిష్పత్తి ఎంత దూరం పోగలదో చూడాలంటే నరసాపురం రేవుకు పోవాలి. ఎదురుగా వశిష్ఠ గోదావరి, ఆవలి గట్టున సఖినేటిపల్లి. పంటు మీద మోటారు సైకిలు ఎక్కించి కాసేపట్లో అవతల దిగవచ్చు. అదే రోడ్డు మీద పోవాలంటే పాలకొల్లు వెళ్లి, చించినాడ వంతెన దాటి, రాజోలు మీదుగా రావాలి. ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఇలాంటి చోట మ్యాపు కొన్నిసార్లు పంటును కూడా రోడ్డులా భావించి తక్కువ దూరం చూపిస్తుంది. పంటు రాత్రంతా నడవదు, వరద వస్తే అసలే నడవదు. లంక గ్రామాల వైపు కారులో పోయేవారు మ్యాపు గీసిన గీత నీటి మీదుగా పోతోందేమో పెద్దది చేసి చూసుకోవాలి.

కిలోమీటర్ల నుంచి గంటలకు, రూపాయలకు

రహదారి మీద కారు గంటకు తొంభై పోయినా, టోల్‌గేట్లు, ఊళ్ల దగ్గర సర్వీసు రోడ్లు, లారీల వరుసలు కలుపుకుంటే సగటు 60, 65 దాటడం కష్టం. 570ని 60తో భాగిస్తే తొమ్మిదిన్నర గంటలు, భోజనానికీ టీకీ మరో గంటన్నర కలిపితే పదకొండు. ఒక్కరే నడుపుతున్నట్టయితే ఒంగోలులోనో నెల్లూరులోనో రాత్రి ఆగడం మేలు.

విమానం లెక్క వేరు. ఇంటి నుంచి మధురపూడికి ముప్పావు గంట, కౌంటరు గంట ముందే మూస్తారు కనుక అంతకు ముందే చేరడానికి గంటన్నర, ప్రయాణం గంటా ఇరవై నిమిషాలు, సామాను తీసుకుని పదిహేను కిలోమీటర్ల దూరంలోని తిరుపతికి చేరడానికి గంట. మొత్తం నాలుగున్నర గంటలకు పైనే. గాలిలో ఉండేది అందులో మూడో వంతు కూడా లేదు. హైదరాబాదులో మారితే ఇది ఏడు నుంచి తొమ్మిది గంటల దాకా పోతుంది, అప్పుడు రాత్రి రైలుతో పోల్చి చూసుకోవడం న్యాయం.

ఇంధనం కోసం దూరాన్ని మైలేజీతో భాగించాలి: లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 570 కిలోమీటర్లకు 38 లీటర్లు, రానూపోనూ 76. దానికి రెండు వైపుల టోలు కలపాలి. టోలు మొత్తాలు ఏటా మారుతాయి కాబట్టి జాతీయ రహదారుల సంస్థ ఇచ్చే రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో దారి పెట్టి ఆ రోజు రేటు చూసుకోవడం మంచిది. వచ్చిన మొత్తాన్ని కారులో కూర్చునేవారి సంఖ్యతో భాగించి, విమానం టిక్కెట్టుకు రెండు చివర్ల టాక్సీ ఖర్చు కలిపి, అప్పుడు పోల్చాలి; టాక్సీ కలపకుండా పోల్చితే విమానం ఉన్నదానికంటే చవకగా కనిపిస్తుంది.

తిరుపతి వెళ్లేవారిలో ఎక్కువమంది ఆగేది కొండ మీద కాబట్టి చివరి ముక్క కూడా లెక్కలో ఉండాలి. తిరుపతి నుంచి తిరుమల గాలి దూరం పది కిలోమీటర్ల లోపే, ఘాట్ రోడ్డు మీద ఇరవైకి పైన. నిష్పత్తి రెండు దాటే చోటు ఇది. ఇక్కడ వేగంగా పోయి సమయం కలుపుకోవడం కూడా కుదరదు. అలిపిరి తనిఖీ కేంద్రంలో నమోదైన వేళకూ పైన గేటు దాటే వేళకూ మధ్య ఉండాల్సిన కనీస సమయం కంటే ముందు చేరితే జరిమానా ఉంటుంది. అర్ధరాత్రి వేళ కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసి ఉంచుతారు కనుక, పదకొండు గంటల కారు ప్రయాణం చేసి వచ్చేవారు అలిపిరి ఎన్నింటికి చేరాలో ముందు నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కించి రాజమహేంద్రవరంలో బయలుదేరాల్సిన వేళ తేల్చుకోవాలి.